ఎదురు అన్న కాలమ్

నేను ఏం ఉద్యోగం చేశానో మా ఆడపడుచుకి ఇప్పటికీ తెలీదు. ఎవరైనా అడిగితే "మా వదిన కంప్యూటర్లో అణువుల్ని ఆడించేదండి" అని చెప్పి, ఇంకో ప్రశ్న పడకుండా కాఫీ పెట్టడానికి లేచిపోతుంది. అంతకంటే బాగా నేనూ చెప్పలేను లెండి. రాజమండ్రిలో ఒక పీజీ కాలేజీలో, రసాయనశాస్త్ర విభాగంలో, తొంభైల మొదట్లోంచి చాలాకాలం కంప్యూటర్ గది నా చేతిలో ఉండేది. చెప్పులు బయట విప్పి లోపలికి రావాలి. దుమ్ము పడితే మిషన్లు పాడవుతాయని పైవాళ్ళు పెట్టిన రూలు. గుళ్ళో కూడా అంత భక్తిగా విప్పేవారు కాదు పిల్లలు, ఎందుకంటే గుళ్ళో నేనుండను కదా.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటారు. ఏ ప్యాకేజీ నేర్చుకోవాలి మేడమ్ అని. నేను నేర్చుకున్న ప్యాకేజీలు ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. అవి నేర్పిన మాన్యువల్స్ మా అటక మీద చెదలకి పనికొస్తున్నాయి. ప్యాకేజీలతో సంబంధం లేనివి ఒకటి రెండు ఉన్నాయి, అవి రాద్దామని కూర్చున్నాను. ఎవరికి ప్రమోషన్ వచ్చింది, ఎవరు ఎవరి ఫైలు తొక్కిపెట్టారు లాంటివి ఇందులో ఉండవు. అవి కావాలంటే మా ఇంటికి రండి, తీరిగ్గా చెప్తాను.

పని ఏంటంటే

ఒక పెట్టెలో వేల పరమాణువులు ఉన్నాయనుకోండి. ఒక్కోదాన్ని మిగతావన్నీ కలిసి ఎంత బలంతో తోస్తున్నాయో, ఎంత బలంతో లాగుతున్నాయో కంప్యూటర్ లెక్క వేస్తుంది. దాన్నిబట్టి ప్రతిదాన్నీ రవ్వంత కదుపుతుంది. మళ్ళీ లెక్క, మళ్ళీ రవ్వంత కదలిక. ఇలా వారాల తరబడి మిషను గుర్రుమంటూ ఉంటుంది. మధ్యలో కరెంటు పోతుంది, మేం తిట్టుకుంటాం, ఆగినచోటినుంచి మళ్ళీ మొదలుపెడతాం. ఆఖరికి చేతికొచ్చేది ఏంటి? వేల పరమాణువులు ఎటుపడితే అటు గెంతిన చరిత్ర. దాన్ని ఊరికే చూస్తూ కూర్చుంటే ఏం తెలీదు.

అందుకని ఒక కొలత పట్టుకుంటాం. ఒక మందు అణువు జీవకణం పైపొరలోకి దూరుతుందా లేదా అన్నది ప్రశ్న అనుకోండి. ఆ మందు పొర నడుమకి ఎంత దూరంలో ఉంది అన్న ఒక్క సంఖ్య పట్టుకుంటే చాలు. దాన్ని ఇంగ్లీషులో కలెక్టివ్ వేరియబుల్ అంటారు. మా మాస్టారు ఉమ్మడి కొలత అనేవారు. ఉమ్మడి కుటుంబంలో ఎంతమంది ఉన్నా ఊళ్ళో వ్యవహారానికి పెద్దాయన ఒక్కడే వెళ్ళి మాట్లాడొస్తాడు చూశారా, అలాగన్నమాట. ఆ కొలత మీద ఎంత బలం పడుతోందో ఫైల్లో రాయించడం నా పని. ఆ బలాలన్నీ కూడితే, మందు లోపలికి వెళ్ళే దారిలో గుట్ట ఉందో గొయ్యి ఉందో తెలుస్తుంది. గుట్ట ఉంటే ఎక్కలేక వెనక్కి వచ్చేస్తుంది. గొయ్యి ఉంటే హాయిగా దిగిపోతుంది.

ఎంత రాయించాలన్నది మొదట్లో మాకు తెలిసేది కాదు. ఒకబ్బాయి అడుగడుగునా అన్నీ రాయించాడు. డిస్కు నిండిపోయి, వాడిదే కాక గదిలో ఉన్న అందరి లెక్కలూ ఆగిపోయాయి. ఆ వారమంతా వాడికి కాంటీన్లో టీ ఇప్పించినవాడు లేడు. ఆ భయంతో తరవాత వచ్చినమ్మాయి బలాలేవీ రాయించకుండా ఆఖరి గ్రాఫ్ ఒక్కటే తీయించుకుంది. ఆ గ్రాఫ్ ఎలా వచ్చిందని పరీక్షకి వచ్చినాయన అడిగితే చూపించడానికి చేతిలో ఏమీ లేదు. పాపం, అన్ని నెలల లెక్కా మళ్ళీ చేసుకుంది. అప్పటినుంచి నాది ఒకటే మాట. ఫలితం రాసుకోవడం ఎవరైనా చేస్తారు, ఫలితం ఎందులోంచి వచ్చిందో ఆ ముడి సరుకు రాసుకోండి. పదిసార్లకొకసారైనా సరే, రాసుకోండి.

మాస్టారు

మా విభాగానికి పెద్ద సోమయాజులు గారు. మనిషి సన్నంగా, ఇస్త్రీ చొక్కాలో, కోపం వస్తే ఇంకా మెల్లిగా మాట్లాడే రకం. కోనసీమ నుంచి వచ్చినాయన. సైన్సు తెలుగులో చెప్పాలని పట్టుదల. ఇంగ్లీషులో చెప్తే అర్థమైనట్టు తలూపుతారు, తెలుగులో చెప్తే అర్థం కాలేదని ఒప్పుకుంటారు అనేవారు. నిజమే. నేను ఆయన దగ్గర ఒప్పుకున్నంత ఇంకెవరి దగ్గరా ఒప్పుకోలేదు.

కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ ఆయన ఇదే చెప్పేవారు. రాజమండ్రి నుంచి పోలవరం దాకా పడవని ఎగువకి తీసుకెళ్ళడం ఎంత కష్టమో తెలియాలి. ఏం చేస్తావు? పడవని ఒకచోట తాడు కట్టి ఆపి, అక్కడ బలం ఎంతుందో చూస్తావు. కాస్త పైకి జరిపి మళ్ళీ కట్టి చూస్తావు. ఇలా పోలవరం దాకా చూసుకుంటూ పోయి అన్నీ కూడితే, మొత్తం కష్టం తేలుతుంది. మనం మందు అణువుతో చేసేదీ అంతే. ఒక్కోచోట పట్టి ఆపి, బలం రాసుకుని, కూడతాం.

ఫైల్లో ఏ కాలమ్ ఏంటో తెలియడానికి పైన చిన్న చిన్న పేర్లు పెట్టాలి. అవీ ఆయనే పెట్టారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. మొదటి కాలమ్ దూరం. రెండోది ఎదురు. అంతే, అదే మా శాస్త్రం. బయటినుంచి వచ్చినవాళ్ళు ఇదేం భాష అని నవ్వేవారు. మావాళ్ళకి మాత్రం విడమర్చి చెప్పక్కర్లేదు, ఎదురు అంటే ఎవరికి తెలీదు?

ఆయనకి ఒక నమ్మకం ఉండేది. మా పై అంతస్తు ప్రయోగశాలలో తయారుచేసిన ఒక అణువు జీవకణం పొరలోకి సులువుగా దిగుతుందని. అది దిగితే మంచి మందవుతుంది. దానిమీద ఒక పేపర్ కూడా రాశారు, కొద్దిపాటి ఆధారాలతో. ఆ మాట మాతో చాలాకాలంగా అంటూనే ఉన్నారు. లెక్కగట్టి చూపించేవాళ్ళు మాత్రం దొరకలేదు.

భ్రమరాంబ

రెండువేల సంవత్సరం దాటాక వచ్చింది భ్రమరాంబ. గోదావరి మధ్య ఒక లంక గ్రామంలో పుట్టి, తెలుగు మీడియంలో చదివి, కొవ్వూరులో అత్తవారింటికి వచ్చింది. అక్కడే జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. చదువుకోవడానికి సెలవు పెట్టి మా దగ్గర పీహెచ్‌డీలో చేరింది. రోజూ బ్రిడ్జి దాటి బస్సులో వచ్చేది. చిన్న కూతురుంటే అత్తగారు చూసుకునేవారు. ఆ అత్తగారు పంపే నిమ్మకాయ పులిహోర కోసం మా గదిలో కొట్టుకునేవారు, అందులో నేనూ ఒకదాన్ని.

మొదటి రోజుల్లో ఆ పిల్లని చూస్తే నాకు విసుగొచ్చేది. కీబోర్డు మీద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ప్రతిదానికీ "సారీ అండి" అంటూ ఉండేది. ఇంగ్లీషులో ఎవరైనా ప్రశ్న వేస్తే నా వెనక్కి జరిగేది. ఇది మనకి పనికొచ్చే పిల్ల కాదనుకున్నాను. కొన్ని నెలలకి నా అభిప్రాయం మార్చుకోవలసొచ్చింది. ఏ లెక్కనీ చూడకుండా వదిలేది కాదు. నేను రాసిన ప్రోగ్రాం అంతా ప్రింటు తీసుకుని బస్సులో చదువుకునేది. నా ప్రోగ్రాంలు అలా ఎవరూ చదవలేదు. నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

ఆమెకి సెలవు ఆ ఎండాకాలంతో అయిపోతుంది. ఈలోగా థీసిస్ ఇవ్వాలి. ఇవ్వలేకపోతే మళ్ళీ క్లాసులు, దిద్దుడు, పిల్ల, ఇల్లు. ఆ తరవాత ఈ గదికి తిరిగి రావడం కల్ల. ఆ సంగతి ఆమెకి తెలుసు, మాకందరికీ తెలుసు.

మాస్టారు ఆమెకి ఇచ్చింది ఆ అణువే. పొరకి దూరంగా మొదలుపెట్టి, ఒక్కోచోట అణువుని పట్టి ఆపి, బలం రాయించి, మెల్లగా నడుమ దాకా తీసుకొచ్చింది. అన్నీ కూడి గ్రాఫ్ గీసింది. చక్కటి గొయ్యి. పొర నడుమ అణువు హాయిగా కూర్చుంటుందని గ్రాఫ్ చెప్తోంది.

ఆ రోజు మాస్టారి మొహం చూడాలి. పొగడటం చేతకాని మనిషి. గ్రాఫ్ పట్టుకుని కిటికీ దగ్గర చాలాసేపు నిలబడి, "ఏమ్మా, బాగా చేశావు" అన్నారు. అటెండర్ని పంపి అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించారు. గ్రాఫ్ తీసుకెళ్ళి తన గదిలో గోడకి పిన్ను గుచ్చి పెట్టుకున్నారు. ఆ గోడ మీద అంతకుముందు కాలెండరు తప్ప ఏమీ ఉండేది కాదు. భ్రమరాంబ ఆ సాయంత్రం బస్సు ఎక్కేదాకా మాట్లాడుతూనే ఉంది. ఒక్క సారీ కూడా వినపడలేదు.

రెండు ప్లస్సులు

థీసిస్ అధ్యాయాలు దాదాపు రాసేసింది. ముందు మా విభాగంలో సెమినార్ ఇవ్వాలి, బయటినుంచి ఒక ప్రొఫెసర్ వస్తారు. దానికి ఇంకా కొద్దిరోజులుండగా నేనో పని చెప్పాను. నువ్వు వెళ్ళిపోతావు, తరవాత వచ్చేవాళ్ళకి నేర్చుకోవడానికి ఒక చిన్న ఉదాహరణ చేసిపెట్టు, జవాబు ముందే తెలిసినదై ఉండాలి అన్నాను. ఆమె ఖాళీ పెట్టెలో రెండే రెండు పరమాణువులు పెట్టింది. రెండిటికీ ప్లస్ విద్యుదావేశమే. చిన్న క్లాసు పిల్లలకి కూడా తెలుసు, అవి ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. దగ్గరగా తెచ్చేకొద్దీ గ్రాఫ్‌లో గుట్ట రావాలి.

గొయ్యి వచ్చింది.

నేను నవ్వాను. రెండు ప్లస్సులు ప్రేమించుకుంటున్నాయే భ్రమరాంబా అన్నాను. ఆమె నవ్వలేదు. ఫైలు తెరిచి కాలమ్ వైపే చూస్తోంది. అప్పుడు నాకూ వెలిగింది. కూడే ప్రోగ్రాం ఆమె సొంతంగా రాసుకున్నది, దానితోనే ఆ పెద్ద గ్రాఫ్ కూడా గీసింది.

కుర్చీ దగ్గరికి లాక్కుని అడిగాను. "ఎదురు అంటే ఏంటనుకున్నావమ్మా?"

"మనం లాగేదండి," అంది. "మా తాతగారు వాళ్ళు కాలవ గట్టుమీంచి తాడేసి పడవల్ని ఎదురుకి లాగేవారండి. ఎదురు లాగుడు అనేవారు ఇంట్లో. ఎదురంటే తాడు బలమే కదండీ?"

మాస్టారికి ఎదురంటే నీళ్ళు పడవ మీదకొచ్చి తోసే బలం. నేను ప్రోగ్రాంలో రాసిందీ అదే, బస్సులో అంతా చదివినా తెలిసిన మాటే కదా అని ఆమె ఆ లైను దగ్గర ఆగలేదు. ఆ పిల్లకి ఎదురంటే నీళ్ళకి ఎదురుగా మనుషులు లాగే బలం. రెండూ సమానమే, కానీ ఒకటి ఇటు, ఒకటి అటు. తాడు బలమైతే ఉన్నది ఉన్నట్టు కూడాలి. నీళ్ళ బలమైతే ముందు మైనస్ పెట్టి కూడాలి. ఆమె మైనస్ పెట్టలేదు. మాస్టారూ ఆమే ఇద్దరూ గోదావరి జిల్లావాళ్ళే, ఇద్దరూ ఆ మాట అమ్మ ఒళ్ళో నేర్చుకున్నవాళ్ళే, అందుకే ఎవరూ ఎవర్నీ అర్థం అడగలేదు. ఫోర్స్ అని రాసుంటే ఏ ఫోర్స్ అని అడిగేదేమో.

ఇక్కడ కొత్తవాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఆ గ్రాఫ్ వచ్చినప్పుడు మైనస్ ఎక్కడుందని మా ముగ్గురిలో ఒక్కరం కూడా చూడలేదు. గుట్ట వచ్చి ఉంటే ఆ రోజే మాస్టారు ప్రోగ్రాం అంతా జల్లెడ పట్టించేవారు. కోరుకున్న జవాబు వచ్చిందని బజ్జీలు తిన్నాం. మీకు కోరుకున్న జవాబు వచ్చిన రోజున కాస్త ఎక్కువ అనుమానపడండి.

బలాలన్నీ ఫైళ్ళలో భద్రంగా ఉన్నాయి కాబట్టి మిషను మళ్ళీ తిప్పక్కర్లేదు. ఒక్క గుర్తు మార్చి కూడితే చాలు. భ్రమరాంబ మార్చింది, కూడింది. గొయ్యి ఉన్నచోట గుట్ట నిలబడింది. ఆ అణువు పొరలోకి వెళ్ళదు.

ఆ గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఉన్నట్టుండి ఆమె అంది, "నాకు సెలవు అయిపోతోంది మేడమ్. మాస్టారికి ఇది తెలియకపోతే ఎవరికి నష్టమండి?"

గోడ మీది ఆ గ్రాఫ్ వైపు ఆయన ఎలా చూసుకునేవారో నాకు తెలుసు. ఆయన కాదంటే ఆమె థీసిస్ ఉండదనీ తెలుసు. ఆ పిల్ల మీద నాకు అప్పటికే కూతురంత ప్రేమ. నోరు మూసుకుని ఊరుకుందామని నాకూ అనిపించింది, అబద్ధమెందుకు. నేను ఆలోచిస్తుండగానే ఆమె కళ్ళు తుడుచుకుని లేచింది. ఎవరో దీన్ని నమ్మి ఈ మందు మీద ఏళ్ళ తరబడి పనిచేస్తారు కదండీ, మీరు నాతోపాటు వస్తారా అని అడిగింది. వస్తానన్నాను.

ఆయన గదిలో

మధ్యాహ్నం భోజనమయ్యాక వెళ్ళాం. ఆమె చెప్పింది. తడబడకుండా, మొదట్నుంచి చివరిదాకా తెలుగులో చెప్పింది. రెండు ప్లస్సుల గ్రాఫ్ ఒకటి, అణువు గ్రాఫ్ ఒకటి బల్ల మీద పెట్టింది. తప్పు తనదే అంది. మాస్టారు రెండు కాగితాలూ చూశారు. గోడ వైపు చూడలేదు. ఆయన గొంతు ఎప్పటికంటే మెల్లిగా ఉంది. "సరే, వెళ్ళండి" అన్నారు. అంతే.

మర్నాడు ఆయన మా గదికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. సెమినార్ సంగతి ఎత్తలేదు. భ్రమరాంబ తన సామాను ఒక సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టింది. పులిహోర డబ్బా తెచ్చింది, కానీ తను తినలేదు. నాకు కోపమొచ్చింది. ఆడపిల్ల అంత ధైర్యంగా వచ్చి చెప్తే ఒక్క మాటైనా అనక్కర్లేదా అని మా ఇంట్లో పాత్రలన్నీ చప్పుడయ్యేలా కడిగాను. మా ఆయన పేపరు చాటున కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు, తెలివైనవాడు.

తరవాతి వారం మొదట్లో అటెండర్ వచ్చి మాస్టారు ఇద్దర్నీ రమ్మంటున్నారని చెప్పాడు. వెళ్తే, బల్లనిండా మా ఫైళ్ళ ప్రింట్లు. అంచుల్లో ఆయన చేతిరాత. ప్రతి చోటా బలాలని ఆయన పెన్నుతో కూడుకున్నారు, కంప్యూటర్ని నమ్మకుండా, మమ్మల్ని నమ్మకుండా. గోడ మీద గ్రాఫ్ లేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, నాకూ గుట్టే వచ్చిందమ్మా అన్నారు. ఆ అధ్యాయం తిరగరాయమన్నారు. రాసింది రాసినట్టు ఏ రోజుకారోజు పంపితే తను ఆ రోజే చదివి ఇస్తానని, సెలవు అయ్యేలోగా థీసిస్ వెళ్ళాలని చెప్పారు. అన్నట్టే చేశారు. కొన్ని రోజులు ఆయనే స్వయంగా కాగితాలు పట్టుకుని, చెప్పులు విప్పి, మా గదిలోకి వచ్చి ఆమె పక్కన స్టూలు మీద కూర్చునేవారు.

సెమినార్‌లో బయటినుంచి వచ్చినాయన ఊహించినట్టే అడిగారు. మీ గైడ్ గారి పేపర్లో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా ఉందే అని. భ్రమరాంబ నా వైపు చూసింది. ముందు వరసలోంచి మాస్టారు లేవకుండానే, ఆ పేపర్ తప్పండి, ఈ అమ్మాయి చెప్తున్నది సరైనది అన్నారు. ఆయన అలా అన్నాక హాల్లో ఇంకెవరూ ప్రశ్న వెయ్యలేదు.

థీసిస్ సెలవులోపలే వెళ్ళింది. బైండు చేయించిన ప్రతి ఇవ్వడానికి మేమిద్దరం మాస్టారి ఇంటికి వెళ్ళాం. వరండాలో కూర్చోబెట్టారు. వాళ్ళావిడ మజ్జిగ ఇచ్చారు. ఆయన థీసిస్ ఒళ్ళో పెట్టుకుని ఆ అధ్యాయం తెరిచి, గుట్ట మీద వేలు పెట్టి చూస్తున్నారు. భ్రమరాంబ ఉండబట్టలేక అడిగింది.

"మీకు బాధగా లేదాండి?"

"ఉందమ్మా," అన్నారు. "చాలా ఉంది. కానీ నువ్వు చెప్పకుండా ఊరుకుని ఉంటే నేను పోయేదాకా సంతోషంగానే ఉండేవాణ్ణి. అది తలుచుకుంటే భయమేస్తోంది."

ఆమె బస్సుకి టైమైందంటూ లేచింది. ఏ విద్యార్థి వచ్చినా కుర్చీలోంచే తలూపే మనిషి, ఆ రోజు లేచి చెప్పులు వేసుకుని, మాతోపాటు వీధి చివర బస్టాపు దాకా నడిచి వచ్చారు. కొవ్వూరు బస్సు వచ్చేదాకా నిలబడి, ఆమె ఎక్కాక కిటికీ దగ్గరికి వెళ్ళి, పాపని ఒకసారి తీసుకురామ్మా, చూస్తాను అన్నారు.